బంగాళాదుంపకు గత్తం ఎంత, పిచికారీ ఎప్పుడు: విశాఖ రైతుకు దశలవారీ మార్గదర్శి

"దుంప గోళీకాయలంతే ఊరుతోంది, ఏం కొట్టమంటారు?" కార్తీకం దాటాక నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. దుక్కిలో ఏం వేశారని తిరిగి అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. అందుకే దుక్కి నుంచి తవ్వకం దాకా, చేయాల్సిన వరసలోనే రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చూడండి. ఎకరాకు 8 టన్నుల దుంప తీయాలంటే పైరు నేలలోంచి సుమారు 50 కిలోల పొటాష్, 35 నుంచి 40 కిలోల నత్రజని లాగేస్తుంది. 0-0-50 అనే, సగం పొటాషే ఉండే పొడిని లీటరుకు 10 గ్రాముల చొప్పున 200 లీటర్లలో కలిపి ఎకరమంతా కొడితే మొక్కకు అందే పొటాష్ ఎంత? ఒక్క కిలో. అదీ చుక్క కింద పడకుండా మొత్తం ఆకు మీదే నిలిస్తే. పిచికారీ కూరలో తిరగమోత లాంటిది. అది లేకపోతే రుచి తగ్గుతుంది, కానీ దానితోనే కడుపు నిండదు. మిగతా 49 కిలోలు మట్టిలోంచే రావాలి.

## 1. మీ పొలం కిందా, కొండమీదా?

విశాఖ రైతులంటే రెండు రకాలు. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు కింద మండలాల వాళ్లు ఒకరు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లినా ఇప్పటికీ మనం విశాఖ మన్యం అనే పాడేరు, అరకు, చింతపల్లి వాళ్లు ఇంకొకరు. పంట ఒకటే అయినా ఈ ఇద్దరికీ పంచాంగం వేరు.

దుంప బాగా ఊరాలంటే రాత్రి వేడి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. కొండమీద అది తేలిగ్గా దొరుకుతుంది. కింద మాత్రం డిసెంబరు, జనవరి నెలలే దిక్కు. కాబట్టి కింద నవంబరు మొదటి పక్షంలో నాటెయ్యాలి. డిసెంబరులో నాటితే దుంప ఊరే వేళకు ఫిబ్రవరి ఎండ నెత్తిన పడుతుంది. అప్పుడు ఏ మందూ ఏమీ చేయలేదు.

రకాల్లో కుఫ్రి పుఖ్‌రాజ్ త్వరగా చేతికొస్తుంది. కుఫ్రి జ్యోతి కొండమీద నమ్మకమైనది. కుఫ్రి సూర్య వేడిని కొంత తట్టుకుంటుంది, విత్తనం దొరికితే కింద మండలాల్లో దానికే నా ఓటు.

నాటడానికి రెండు నెలల ముందే చూసుకోవాల్సినవి:

- మట్టి పరీక్ష: పొలంలో 8, 10 చోట్ల జానెడు లోతున ఆంగ్ల వి ఆకారంలో గుంట తీసి, అంచు మట్టిని తీసుకుని కలిపి, అరకిలో రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. ఉదజని సూచిక (పీహెచ్, అంటే నేల పులుపు కొలత), పొటాష్, జింకు, బోరాన్ చూడమని అడగండి.
- ఉదజని సూచిక 5.2 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది. కొండ ఎర్రనేలలు చాలావరకు పులుపు నేలలే, దానికి కంగారు పడి సున్నం చల్లొద్దు. సున్నం ఎక్కువైతే దుంపకు గజ్జి తెగులు వస్తుంది.
- నీరు: భీమిలి తీరం దగ్గర బావుల్లో ఉప్పదనం ఉంటుంది. నోటికి ఉప్పగా తగిలే నీళ్లతో ఈ పంట పెట్టకపోవడమే మేలు.
- ముందు పంట: టమాటా, వంగ, మిరప వేసిన మడిలో దుంప వద్దు. వాటి ఎండు తెగులే దీనికీ వస్తుంది. చోడి, సామ, వలిసె, రాజ్‌మా వేసిన నేల అయితే బాగుంటుంది.

## 2. గత్తం: అసలు పని ఇక్కడే

ఎకరాకు 8 నుంచి 10 టన్నుల మాగిన గత్తం, అంటే పశువుల ఎరువు, కావాలి. ట్రాక్టరు తొట్టికి సుమారు 2 టన్నులు అనుకుంటే నాలుగైదు తొట్లు. అంత లేనివాళ్లు పొలమంతా పలచగా చల్లి పోగొట్టుకోకుండా, ఉన్న నాలుగు టన్నులనూ నాటే సాళ్లలోనే వేసుకోవాలి.

మాగిన గత్తం అనే మాట దగ్గరే చాలామంది మోసపోతారు. పైన నల్లగా ఉంటుంది, పార పెడితే లోపల పచ్చిపేడ ముద్ద. ఒకసారి నేనూ తొందరపడి అలాంటిదే వేశాను. దుంపలు తవ్వితే సగానికి గజ్జి, మిగతా సగానికి వేరు పురుగు కొరికిన బొక్కలు. రైతుబజారులో అలాంటి దుంపను ఎవరూ చేతిలోకి కూడా తీసుకోరు. ఆ ఏడాది మా ఇంట్లో వాళ్లూ బంధువులూ చాలాకాలం బంగాళాదుంప కూరే తిన్నారు.

మాగిందో లేదో ఇలా చూడండి:

- గుప్పెట్లో పిండితే ముద్ద అవ్వాలి, నీళ్లు కారకూడదు.
- తడిపి పాలిథిన్ కవరులో మూడు రోజులు మూతి కట్టి ఉంచి విప్పండి. ముక్కులో గుచ్చుకునే ఘాటు వస్తే ఇంకా మాగలేదు. మట్టి వాసన వస్తే సిద్ధం.
- చిన్న కుండీలో ఆ గత్తం పోసి మెంతులు చల్లండి. చక్కగా మొలిస్తే మొక్కకు హాని లేదు.

గత్తాన్ని మందులా మార్చడం: 90 కిలోల గత్తం, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అడ్డుకునే మేలు బూజు) కలిపి, చెయ్యి తడి అయ్యేంత నీళ్లు చల్లి, నీడలో గోనె సంచులు కప్పి 10 నుంచి 15 రోజులు ఉంచండి. మధ్యలో ఒకసారి తిరగెయ్యండి. తెల్లటి, ఆకుపచ్చటి బూజు పాకితే పని జరిగినట్టే. బూజు పట్టిందని పారేసినవాళ్లు కూడా నాకు తెలుసు, ఆ బూజు కోసమే కదా ఈ తంటా అంతా!

భాస్వరం: పులుపు నేలలో రాక్ ఫాస్ఫేట్ బాగా కరుగుతుంది. ఎకరాకు 100 కిలోల రాక్ ఫాస్ఫేటును గత్తం కుప్పలోనే కలిపి, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా 2 కిలోలు చేర్చి మాగనివ్వండి. కింద మండలాల్లో ఉదజని సూచిక 7 దాటిన నేలల్లో ఇది దండగ, అక్కడ సింగిల్ సూపర్ ఫాస్ఫేటే పనిచేస్తుంది.

పచ్చిరొట్ట: ఆగస్టు చివర జనుము గానీ పిల్లిపెసర గానీ చల్లి, 45 రోజులకు పూత మొదట్లో కలియదున్నండి. నాటడానికి రెండు, మూడు వారాల వ్యవధి తప్పనిసరి. లేకపోతే కుళ్లే ఆకుల మధ్య విత్తన దుంప కూడా కుళ్లిపోతుంది.

కోళ్ల ఎరువు గురించి అడుగుతుంటారు. దానికి వేడి, ఉప్పు రెండూ ఎక్కువ. రెండు నెలలు మాగాక ఎకరాకు టన్ను మించకుండా వేయొచ్చు. షెడ్డు నుంచి తెచ్చి నేరుగా వేస్తే మొక్క మాడుతుంది. కట్టెల బూడిదలో పొటాష్ ఉన్నమాట నిజమే, కానీ అది నేలను సున్నం వైపు లాగుతుంది. కొండ పులుపు నేలలో కొద్దిగా పరవాలేదు, కింద వద్దు.

నత్రజని లెక్క: 8 టన్నుల గత్తంలో సుమారు 40 కిలోల నత్రజని ఉన్నా, ఈ పంటకు అందేది అందులో మూడో వంతే. 200 కిలోల వేపపిండి ఇంకో 10 కిలోలు ఇస్తుంది, అదీ నెమ్మదిగా. పచ్చిరొట్ట వేసినవాళ్లకు మిగతాది సరిపోతుంది. వెయ్యనివాళ్లు, రసాయన ఎరువులు పూర్తిగా మానని పద్ధతిలో ఉంటే, 45 కిలోల యూరియా బస్తా ఒకటి రెండుసార్లుగా వేసుకోవాలి. పూర్తి ప్రకృతి సాగువాళ్లు ఎకరాకు 400 కిలోల ఘన జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లంతో మాగబెట్టిన ఎరువు) ఆఖరి దుక్కిలో వేసి, మొదటి ఏడాది దిగుబడి కొంత తగ్గుతుందని ముందే సిద్ధపడితే మంచిది.

## 3. విత్తన దుంప

కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన దుంపను ఆ రోజే నాటొద్దు, ఎండలోనూ పెట్టొద్దు. 10 నుంచి 15 రోజులు గాలి, పలచటి వెలుతురు ఉన్న పాకలో ఒక వరసగా పరచండి. పొట్టిగా, లావుగా, ముదురు రంగు మొలకలు రావాలి. తెల్లగా పొడుగ్గా సాగాయంటే వెలుతురు చాలలేదన్నమాట.

సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు దాదాపు 33 వేల మొక్కలు పడతాయి. 30 గ్రాముల ముక్క అనుకుంటే 10 క్వింటాళ్ల విత్తనం కావాలి. ప్రతి ముక్కకూ కనీసం రెండు కళ్లు ఉండాలి. కోసే కత్తిని మధ్యమధ్య కాల్చండి, లేదా మరిగే నీళ్లలో ముంచండి. కోసిన ముక్కల్ని రెండు రోజులు నీడలో ఆరబెడితే కోత మీద పొర కడుతుంది. నేల ఇంకా వెచ్చగా ఉండే కింద మండలాల్లో కోయకుండా చిన్న దుంపల్నే నాటడం క్షేమం.

నాటే ముందు లీటరు నీటికి 10 గ్రాముల సూడోమోనాస్ (తెగుళ్లను అడ్డుకునే మేలు బ్యాక్టీరియా) కలిపిన ద్రావణంలో 15 నిమిషాలు ముంచి ఆరబెట్టండి. బీజామృతం అయినా సరే. మాంకోజెబ్ అనే రసాయన తెగులు మందుతో శుద్ధి చేసేవాళ్లు ఆ వెంటనే ట్రైకోడెర్మా పట్టించొద్దు. మొదటిది రెండోదాన్ని దెబ్బతీయొచ్చు, అప్పుడు ఆ ఖర్చు వృథా.

## 4. బోదెలు, నాటడం

అక్టోబరు, నవంబరు మనకు తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న వచ్చింది. అందుకే బోదె ఎత్తుగా, నీళ్లు పోయే కాలువ ముందుగా చేసుకోవాలి. దుంప ఒక రోజంతా నీళ్లలో నానితే చాలు, కుళ్లు పట్టుకుంటుంది.

వరస ఇది:

1. సాళ్లు తీయండి.
2. సాలు అడుగున ట్రైకోడెర్మా గత్తం, వేపపిండి వేయండి.
3. పొటాష్ తక్కువని పరీక్షలో తేలితే ఎకరాకు 30 నుంచి 40 కిలోల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కలపండి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చౌకే, కానీ అందులోని క్లోరైడు దుంపలో పిండి పదార్థాన్ని తగ్గిస్తుంది.
4. పైన రెండంగుళాల మట్టి కప్పండి. దుంప ఎరువుకు నేరుగా తగలకూడదు.
5. దుంపను కళ్లు పైకి ఉండేలా పెట్టి బోదె కట్టండి.
6. కింద మండలాల వాళ్లు బోదెల మీద వరిగడ్డి పరవండి. నేల చల్లగా ఉంటుంది, తడీ నిలుస్తుంది.

## 5. మట్టి ఎగదోయడం, గిప్సం, తడి

నాటిన 25 నుంచి 30 రోజులకు, మొక్క జానెడు ఎత్తుకు వచ్చినప్పుడు మొదటిసారి మట్టి ఎగదోయాలి. గడ్డి పరిచినవాళ్లు దాన్ని పక్కకు లాగి, పని అయ్యాక మళ్లీ కప్పాలి. 40, 45 రోజులకు రెండోసారి. దుంప బయటపడి ఎండ తగిలితే ఆకుపచ్చగా మారుతుంది. ఆ దుంపలో విషం చేరుతుంది, తినకూడదు, అమ్మకూడదు.

మొదటిసారి ఎగదోసేటప్పుడే ఎకరాకు 150 నుంచి 200 కిలోల గిప్సం మొక్క మొదళ్ల చుట్టూ వేసి మట్టి కప్పండి. దీని కారణం తెలుసుకుంటే పిచికారీ ఖర్చు కొంత మిగులుతుంది. కాల్షియం ఆకులోంచి కిందికి దిగదు. ఆకు మీద ఎంత కాల్షియం నైట్రేట్ కొట్టినా దుంపకు చేరదు. దుంప, దాని పిల్లవేర్లు చుట్టూ ఉన్న మట్టిలోంచే దాన్ని తీసుకుంటాయి. "దుంప గట్టిపడటానికి కాల్షియం కొట్టండి" అని ఎవరైనా డబ్బా చేతిలో పెడితే ఈ సంగతి గుర్తు చేసుకోండి. గిప్సం సున్నంలా ఉదజని సూచికను పెంచదు కూడా.

ఎర్రనేలల్లో 7 నుంచి 10 రోజులకో తడి ఇవ్వండి. 30 నుంచి 60 రోజుల మధ్య తడి తప్పకూడదు. ఆరబెట్టి ఒక్కసారిగా ముంచితే దుంప పగులుతుంది. ప్రతి 15 రోజులకు 200 లీటర్ల జీవామృతం నీళ్లతో పారించుకోవచ్చు. అది నేలలోని సూక్ష్మజీవులకు మేత. గత్తం తగ్గించి దీన్ని పెంచితే కుదరదు.

## 6. ఆకుల మీద పిచికారీ: ఎప్పుడు, ఎంత

మొక్కకు ఆకులు బాగా వచ్చాక ఎకరాకు 200 లీటర్లు, అంటే 16 లీటర్ల తైవాన్ పంపుతో 12, 13 ట్యాంకులు పడతాయి. కింద రాసిన కొలతలు ఒక ట్యాంకుకు.

- 25 నుంచి 30 రోజులు: వడకట్టిన పంచగవ్య అర లీటరు, లేదా సముద్రపు నాచు ద్రావణం 30 నుంచి 40 మి.లీ. ఆకులు పాలిపోయి ఉంటేనే 19-19-19 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) 80 గ్రాములు.
- 35 నుంచి 40 రోజులు: పరీక్షలో లోపం తేలితేనే బోరాన్ 20 శాతం పొడి 16 గ్రాములు. జింకు లోపం ఉంటే ఇంకో రోజు జింకు సల్ఫేట్ 32 గ్రాములు, దానితో సున్నపు తేట కలపాలి. దానికి 16 గ్రాముల సున్నం చాలు.
- 45 నుంచి 50 రోజులు: మెగ్నీషియం సల్ఫేట్ 160 గ్రాములు.
- 55 నుంచి 65 రోజులు: 0-0-50 పొడి 160 గ్రాములు, 10 రోజుల తేడాతో రెండుసార్లు.
- 70 రోజుల తర్వాత ఏమీ వద్దు. అప్పుడు నత్రజని కొడితే తీగ పచ్చగా కళకళలాడుతుంది, దుంప తొక్క మాత్రం ముదరదు.

బోరాన్ విషయంలో చెయ్యి జారితే ఆకు అంచులు మాడతాయి. చెంచాతో కాదు, తూకంతో వెయ్యండి. సేంద్రియ ధ్రువీకరణకు వెళ్లేవాళ్లకు 19-19-19 లాంటి రసాయన పొడులు ఒప్పుకోరు. మిగతావి కూడా ధ్రువీకరణ సంస్థను అడిగాకే కొనండి.

వేళ: కింద సాయంత్రం 4 దాటాక కొట్టండి. కొండమీద ఈ సూత్రం తిరగబడుతుంది. అక్కడ సాయంత్రం కొడితే రాత్రి మంచుతో కలిసి ఆకు తెల్లవార్లూ తడిగా ఉండి తెగులును పిలుస్తుంది. పొగమంచు విడి ఆకు ఆరాక, 10 గంటల ప్రాంతంలో కొట్టడమే మేలు.

ట్యాంకు నింపే ముందు:

- సగం నీళ్లు పోసి, పొడిని బకెట్లో విడిగా కరిగించి కలపాలి.
- రెండు మందులు కలపాలంటే ముందు గాజు సీసాలో కలిపి అరగంట చూడండి. ముద్ద కట్టినా, అడుగున దిగినా కలపొద్దు.
- జింకును భాస్వరం ఉన్న పొడితో, బోర్డో మిశ్రమాన్ని (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగులు మందు) దేనితోనూ కలపొద్దు.
- పంచగవ్య, జీవామృతం లాంటివి రెండుసార్లు బట్టతో వడకట్టకపోతే నాజిల్ మూసుకుని సగం రోజు పోతుంది.
- కలుపుమందు కొట్టిన పంపు దీనికి వాడొద్దు.
- నేల ఎండి మొక్క వాడి ఉంటే ముందు తడి ఇచ్చి మర్నాడు కొట్టండి.

## 7. ఆకు చూసి లోపం పట్టుకోవడం

అడుగు ఆకులు మొత్తంగా పసుపైతే నత్రజని లోపం. అదే 75 రోజులు దాటాక అయితే పైరు పండుతోంది, ఏమీ చేయొద్దు. ముదురు ఆకు అంచులు కాలినట్టుంటే పొటాష్, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే మెగ్నీషియం. పొటాష్ ఎక్కువ వేసినచోట మెగ్నీషియం లోపం తరచూ కనిపిస్తుంది.

లేత ఆకులు పసుపైతే ఇనుము. ముందు నీరు నిలుస్తోందేమో చూడండి, చాలాసార్లు కాలువ తీస్తేనే సర్దుకుంటుంది. కాకపోతే ట్యాంకుకు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 80 గ్రాములు, నిమ్మ ఉప్పు 16 గ్రాములు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టండి.

ఆకు మీద నీటిలో నానినట్టు మచ్చ, పొద్దున్నే ఆకు తిప్పితే అడుగున తెల్లటి నూగు ఉంటే అది లోపం కాదు, ఆకుమాడు తెగులు. మంచు, చల్లదనం కలిస్తే వారంలో మడి మడంతా పోతుంది. పోషకాలు ఆపి, ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. రెండింటినీ ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోయాలి. శుభ్రమైన ఇనుప కత్తి ముంచి తీస్తే ఎర్రగా రాగి పట్టకూడదు. పడితే ఇంకొంచెం సున్నం కలపండి. ఆ రోజు కలిపింది ఆ రోజే కొట్టెయ్యాలి. మీ నేలకు సరిపడే సలహా కావాలంటే కొండమీద వాళ్లకు చింతపల్లి, కింద వాళ్లకు అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానాలు దగ్గర.

లంబసింగి, చింతపల్లి వైపు చలి బాగా దిగే రాత్రులకు ముందు సాయంత్రం పలచటి తడి ఇవ్వండి. తడి నేల వేడిని కొంత పట్టి ఉంచుతుంది. మంచుకు కమిలిన ఆకు మీద మర్నాడే పోషకాలు కొట్టొద్దు, కొత్త చిగురు వచ్చేదాకా ఆగండి.

## 8. తీగ కోసి, తవ్వి, తూచడం

తవ్వడానికి 10, 12 రోజుల ముందు తీగను నేల మట్టానికి కోసి, తడి ఆపండి. బొటనవేలితో రుద్దితే తొక్క ఊడకపోతే తవ్వొచ్చు. తవ్విన దుంపను కడగకుండా, నీడలో గాలికి ఆరబెట్టి, కోత పడినవీ పచ్చబారినవీ ఏరి, చీకటి గదిలో పెట్టండి.

తవ్వేటప్పుడు ఇంకో పని ఉంది, దానికి మాత్రం మొదట్లోనే సిద్ధపడాలి. మడి మధ్యలో మూడు సాళ్లకు పుల్లలు పాతి, వాటి మీద ఏ పోషకాల పిచికారీ చేయకుండా వదలండి. గత్తం, తడి, తెగులు మందు అన్నీ మామూలే. తవ్వాక ఆ మూడు సాళ్లనూ, పక్కన పిచికారీ చేసిన మూడు సాళ్లనూ విడివిడిగా తూచి, నోటుబుక్కులో రాసి, ఎదురుగా పొడులకూ పంపు కూలికీ అయిన ఖర్చు వేయండి. మా మడిలో ఒక ఏడాది ఆ తేడా కూలి ఖర్చుకు కూడా సరిపోలేదు. మరో ఏడాది మెగ్నీషియం లోపం ఉన్న గట్టు వైపు మాత్రం బస్తా ఎక్కువే వచ్చింది. అప్పటి నుంచి గట్టు వైపు కొడుతున్నాను, మిగతాచోట మానేశాను.